పాచిరంగు చేప

సముద్రం ఒడ్డు, అద్దె గది
మధ్యాహ్నం

జాడీల అక్కకి,

ముందే చెబుతున్నాను, కంగారుపడకు. ఇద్దరం బాగానే ఉన్నాం. తమ్ముడు ఉత్తరం రాశాడంటే ఏం మునిగిందోనని నువ్వు నేరుగా చివరి పేజీ తిప్పుతావు. చివర్లో కూడా ఏమీ లేదు. ఫోన్లో అయితే నేనొక ముక్క చెప్పేలోపు నువ్వు పది ప్రశ్నలు వేస్తావు. పైగా నీ మ్యూజియం నేలమాళిగలో ఫోను మోగి చచ్చేది కాదు. అన్నిటికీ మించి, నీకొక బొమ్మ పంపాలి.

షాపుకి తాళం వేసి పిచికని సముద్రానికి తీసుకొచ్చాను. కళ్ళద్దాలు అరగదీసీ అరగదీసీ నేనూ అరిగిపోయాను, నాకూ కాస్త గాలి మార్పు కావాలి. బడివాళ్ళకి చెప్పే వచ్చాం. నువ్వు మళ్ళీ ఆ పెద్ద టీచరుకి ఫోన్ చేసి నా పరువు తీయకు.

ఇక్కడ మూతికి గొట్టం, కళ్ళకి మాస్కు పెట్టుకుని నీళ్ళమీద బోర్లా పడి తేలుతూ కింద చేపల్ని చూస్తారు. స్నార్కెలింగ్ అంటారట. పిచికకి అదే కావాలి. నీ మేనకోడలికి కళ్ళజోడు తీస్తే గోడకీ గుర్రానికీ తేడా తెలీదు కదా, అందుకని మాస్కులో దాని పవర్ అద్దాలు నేనే కోసి బిగించాను. చుక్క నీరు లోపలికి రాలేదు. నీ తమ్ముడి చేతిపని అది. పడవాయన దాని చెయ్యి పట్టుకుని నడుము లోతులో తిప్పుతాడు. నేను ఒడ్డున కూచుని తాడు పట్టుకుంటాను. నీళ్ళంటే నాకు ఎంత ధైర్యమో నీకు తెలుసు.

నిన్న అది నీళ్ళలోంచి లేచి, గొట్టం ఇంకా నోట్లో ఉండగానే ఏదో అరిచింది. చేప కనిపించిందట. అరచెయ్యంత ఉంది, పళ్ళెంలా పల్చగా ఉంది. ఒళ్ళంతా పాచిరంగు ఆకుపచ్చ, పక్కన నల్లటి గీత, ఎవరో అక్షరం రాయబోయి మధ్యలో ఆపేసినట్టు. తోక మాత్రం తేనెరంగు. ఈ ఊళ్ళో షాపువాళ్ళు చేపల బొమ్మలున్న అట్ట ఒకటి అమ్ముతారు, అందులో లేదు. పడవాయన్ని అడిగితే అలాంటి పచ్చచేప ఈ నీళ్ళలో లేదని ఒట్టేస్తున్నాడు. మరి పక్కనే ఉన్నావు కదయ్యా అంటే, నేను పాపని చూస్తున్నాను గానీ చేపని చూడలేదన్నాడు. ఆ మాట మాత్రం నాకు నచ్చింది.

దాని పేరేంటో జాడీ అత్తే చెప్పాలంటోంది. రంగుపెన్సిళ్ళతో వేసిన బొమ్మ ఇందులో పెట్టాను. దయచేసి తొందరగా చెప్పు, నా ప్రాణం తోడేస్తోంది.

నీ
తమ్ముడు


మ్యూజియం నేలమాళిగ
టీ వేళ

ఒరే తమ్ముడూ,

చివరి పేజీ తిప్పి చూశాను. ఏమీ లేదన్నావు గానీ, ఇన్ని జోకులున్న ఉత్తరం నీ దగ్గర్నుంచి నా జన్మలో రాలేదు. చదువుల మధ్యలో సముద్రమేంటి? షాపు మూయడమేంటి? జ్వరమొచ్చినా కౌంటర్ వదలని మనిషివి. సరే, ముందు చేప సంగతి. తర్వాత నీ సంగతి.

బొమ్మ బాగుంది. తల్లి పోయాక పిచిక మా ఇంట్లో ఉన్నప్పుడు గోడల మీద వేసిన పిల్లులకంటే చాలా నయం. పిచికా, ఇది నీకు. నేను అడిగినవాటికి చూసింది మాత్రమే చెప్పు, చూసి ఉంటే బాగుండేదని అనిపించింది చెప్పొద్దు. తోక మొదట్లో చిన్న మొటిమలాగా ఏమైనా ఉందా? వీపు మీద రెక్క తల దగ్గర్నుంచి తోకదాకా ఒకటే ముక్కా, రెండా? మూతి పెద్దదా, ముద్దు పెట్టడానికి వస్తున్నట్టు చిన్నదా? ఒంటరిగా ఉందా, గుంపులోనా? నిన్ను చూసి పారిపోయిందా, రాళ్ళలో దూరిందా?

రంగు గురించి మాత్రం బాగా ఆలోచించి చెప్పు. ఎందుకంటే నా దగ్గర ఇన్ని వేల జాడీలున్నాయి, ఒక్క చేపకీ రంగు లేదు. స్పిరిట్‌లో పడిన కొన్నాళ్ళకే రంగు వెలిసిపోతుంది. ఎరుపైనా, పసుపైనా చివరికి అన్నీ ఉడకబెట్టిన బంగాళాదుంప రంగుకి వస్తాయి. అందుకని రంగు దగ్గరకొచ్చేసరికి బతికుండగా చూసినవాళ్ళ మాటే నాకు ఆధారం. ఈసారి ఆ చూసినదానివి నువ్వు.

తమ్ముడూ, బడి సంగతి నిజం చెప్పు.

అక్క


సముద్రం ఒడ్డు గది, మంచం మీద

జాడీ అత్తా,

తోక మొదట్లో మొటిమ ఉంది. అది నేను నాన్నకి చెప్పలేదు, ముఖ్యం కాదనుకున్నాను. నువ్వెలా కనుక్కున్నావు? రెక్క ఒకటే ముక్క. మూతి చిన్నది, నువ్వు ఫోటో తీసుకునేటప్పుడు పెట్టే మూతిలాగా. ఒంటరిగా ఉంది. నన్ను చూసి పారిపోలేదు. రాయి వెనక్కి వెళ్ళి, మళ్ళీ తల బయట పెట్టి, నేనింకా ఉన్నానా లేదా అని చూసింది. అలా చాలాసార్లు చేసింది. నాకు దానితో మాట్లాడాలనిపించింది గానీ నోట్లో గొట్టం ఉంది.

రంగు పచ్చే. బాగా ఆలోచించాను. మూడు పెన్సిళ్ళు కలిపితే గానీ రాలేదు. మొదట ముదురు ఆకుపచ్చ, దానిమీద బూడిద, మళ్ళీ పచ్చ. నీళ్ళు లేతపచ్చ, చేప ముదురుపచ్చ. నాకు ఊహించి చెప్పే అలవాటు లేదని నీకు తెలుసు.

నాన్న తాడు పట్టుకుని ఒడ్డున కూచుంటాడు, నేను తప్పిపోయే మేకనైనట్టు. పడవాయన నవ్వుతాడు. మాస్కులో అద్దాలు ఎంత బాగున్నాయంటే ఇసకలో పీత కళ్ళు కూడా కనిపిస్తాయి. ఇంతవరకూ ఎవరి నాన్నా ఇలాంటిది చెయ్యలేదని పడవాయన అన్నాడు, నాన్న చెవులు ఎర్రబడ్డాయి.

కొన్ని సంగతులు నీకు రాయొద్దని నాన్న చెప్పాడు, అందుకని రాయడం లేదు. నిన్నా మొన్నా నీళ్ళలోకి వెళ్ళలేదు. ఎందుకో అడగకు, అది కూడా ఆ సంగతుల్లోదే.

చేప పేరు త్వరగా చెప్పు.

నీ
పిచిక


మ్యూజియం నేలమాళిగ
పొద్దున్న

పిచికా,

ఆ మొటిమ మొటిమ కాదు. అది కత్తి. ముడుచుకుని ఉంటుంది, కోపమొస్తే బయటికి తీస్తుంది. తోక మొదట్లో అలా కత్తి పెట్టుకు తిరిగే చేపలది ఒక పెద్ద కుటుంబం. అంటే మన పచ్చాయన ఇంటిపేరు దొరికింది. సొంతపేరే దొరకలేదు.

ఆ కుటుంబం జాడీలన్నీ దించాను. పుస్తకాలన్నీ తిరగేశాను. అందులో నల్లవి ఉన్నాయి, నీలివి ఉన్నాయి, గోధుమరంగువి ఉన్నాయి. నువ్వు చెప్పిన ఆకారంలో, నువ్వు చెప్పిన గీతతో పాచిరంగుది లేదు. మా పెద్దాయనకి చూపించాను. ఆయన రిటైరై చాలా కాలమైనా ఇంట్లో ఆవిడ పోరు పడలేక రోజూ వచ్చి నా బల్ల దగ్గర కూచుంటారు. నీ బొమ్మని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశారు. చూసి చూసి, దీన్ని మనవాళ్ళు ఇంకా ఎవరూ చూడలేదేమోనమ్మా అన్నారు. ఆయన నోట ఆ మాట రావడం నేను ఇక్కడ చేరాక ఇదే మొదలు. నా చేతిలో టీ ఒలికింది.

ఎగిరి గంతెయ్యకు. కొత్త చేప అని ఊరికే చెబితే ఎవరూ ఒప్పుకోరు. ఒక్క చేపైనా ఒంటితో ఇక్కడికి రావాలి, జాడీలో ఉండాలి, ముల్లు ముల్లూ లెక్కపెట్టాలి. అవన్నీ అయ్యాక పేరు పెడతారు. ముందు చూసినవాళ్ళ పేరు పెట్టడం కూడా ఉంది. నీ పేరుకి లాటిన్ తోక తగిలిస్తే ఎలా ఉంటుందో పెద్దాయన అప్పుడే కాగితం మీద రాసి చూసుకుంటున్నారు. ఆయనకి నీకంటే తొందరగా ఉంది.

ఈ కింది ముక్క మీ నాన్నకి. నువ్వు చదవకు.

ఒరేయ్, పిల్ల నీళ్ళలోకి ఎందుకు వెళ్ళడం లేదు? నాకు రాయొద్దని చెప్పిన సంగతులేంటి? నీకు అమ్మ తర్వాత అమ్మని. నా చెవిలో పువ్వులు పెట్టకు. ఈసారి జవాబు రాకపోతే బస్సెక్కుతాను.

అక్క


ఇల్లు, ముందు గది

అక్కా,

ఇంటికి వచ్చేశాం. నువ్వు బస్సెక్కకు. చెబుతాను.

పిచిక తలలో గడ్డ ఉంది. వానలప్పుడు తలనొప్పి అంటే పవర్ మారిందనుకున్నాను. అద్దాలు మార్చాను. మళ్ళీ నొప్పి అంది, మళ్ళీ మార్చాను. నా కూతురి కళ్ళు నాకు తెలియకపోవడమేంటని పట్టుదలగా మార్చాను. తర్వాత పెద్దాసుపత్రికి తీసుకెళితే ఫోటో తీసి చూపించారు. అది కోసి తీసే చోట లేదక్కా. మందు ఇచ్చారు, కరెంటు పెట్టారు, కొన్నాళ్ళు తగ్గినట్టు ఉండి మళ్ళీ మొదలైంది. సముద్రానికి తీసుకెళ్ళనా అని డాక్టరుని అడిగాను, వద్దంటాడేమోనన్న ఆశతో. ఆయన బల్ల మీద కాగితాలు సర్దుకుంటూ, పాపకి ఏది ఇష్టమైతే అది చేయించండి అన్నాడు. అక్కడితో నాకు అర్థమైంది.

ఫోన్లో నా గొంతు నువ్వు పట్టేస్తావు. అందుకే ఉత్తరాలు. నీతో చెబితే అది నిజమైపోతుందని భయం. చిన్నప్పటి నుంచీ అంతే కదా, నీకు చెప్పేదాకా నాకు దెబ్బ నొప్పి పుట్టేది కాదు.

ఇప్పుడు దానికి వెలుతురు పడదు. ఎండ తగిలితే తల పట్టుకుంటుంది. కర్టెన్లు వేసే ఉంచుతున్నాను. తేనెరంగు అద్దాలు ముందే చేసి పెట్టాను, ఇప్పుడు అవి లేకుండా కళ్ళు తెరవడం లేదు. మెట్లు ఎక్కలేదు, ఎత్తుకుంటున్నాను. నెల కిందట వద్దు నాన్నా దించు అనేది. ఇప్పుడు అనడం లేదు.

దీనిమధ్య నీ ఉత్తరం వచ్చింది. కొత్త చేప కావచ్చని. ఎన్నాళ్ళకో కూచుని అన్నం తింది. ఆసుపత్రిలో నర్సుకి చెప్పింది, పక్క మంచం ఆవిడకి చెప్పింది, లిఫ్టులో ఎక్కినవాళ్ళకల్లా చెప్పింది. నా పేరు చేపకి పెడతారు అని. మరుసటి రోజు మళ్ళీ అడిగింది, నాన్నా, అప్పటికి నేను ఉంటానా అని. ఉంటావు అన్నాను. ఇంకేం అంటాను?

అక్కా, నిన్ను నేను ఇంతవరకూ ఏమీ అడగలేదు. ఇది ఇవ్వు. పేరు పెట్టేశామని రాయి. నిజంగా కొత్తదో కాదో, జాడీలోకి వచ్చిందో లేదో తర్వాత చూసుకో. దానికి టైము లేదు. మ్యూజియం కాగితం మీద రాస్తే నమ్ముతుంది.

నువ్వు ఇప్పుడే రావద్దు. నిన్ను చూస్తే దానికి తెలిసిపోతుంది. నేను రమ్మన్నప్పుడు రా. తిట్టాలనుకుంటే అప్పుడు తిట్టు.

తమ్ముడు


నా గది

తమ్ముడూ,

తిట్టడానికి నోరు రావడం లేదు. ఉత్తరం చదివి జాడీల మధ్య కింద కూలబడ్డాను. పెద్దాయన వచ్చి పక్కనే కూచున్నారు. ఆయన మోకాళ్ళకి కింద కూచోవడం ఎంత కష్టమో నాకు తెలుసు.

ఇన్ని నెలలు ఒక్కడివీ ఎలా మోశావురా? నీమీద ఒళ్ళు మండుతోంది. నీ పక్కన లేనందుకు నామీద ఇంకా మండుతోంది. బట్టలు సర్ది సంచి గుమ్మం దగ్గర పెట్టుకున్నాను. రమ్మను, ఆ పూటే బయల్దేరతాను.

నువ్వు అడిగింది మాత్రం చెయ్యలేను. బతిమాలకు. ఈ ఉద్యోగంలో నేను చేసేదల్లా ఒకటే, జాడీ మీద ఉన్న పేరూ లోపల ఉన్న చేపా ఒకటేనని చూడడం. ఒకటి తప్పు రాస్తే దాన్ని చూసి ఇంకొకరు, వాళ్ళని చూసి ఇంకొకరు తప్పు రాస్తారు. అది నీకు పెద్ద విషయంలా కనపడకపోవచ్చు. పిచిక చిన్నపిల్ల కాదు. నన్ను అడిగిన మొదటి మాట ఏంటి, నువ్వెలా కనుక్కున్నావు అని. అలాంటి పిల్లకి లేనిపోనిది చెప్పి, అది కనుక్కుంటే ఇంక నా మొహం ఎలా చూస్తుంది?

నిజంగానే వెతుకుతున్నాం. ఆ తీరంలో వలలు వేసేవాళ్ళకి పెద్దాయన బొమ్మ నకళ్ళు పంపారు. దొరికితే అన్ని పనులూ పక్కనపెట్టి రాత్రింబగళ్ళు కూచుంటాం. దానికి అదే రాస్తున్నాను, విడిగా. వెతుకుతున్నాం అని. అది అబద్ధం కాదు.

అన్నం తిను. నువ్వు కూడా.

అక్క


ఆసుపత్రి, పిల్లల వార్డు

జాడీ అత్తా,

ఇది నర్సక్క రాస్తోంది. నేను చెబుతుంటే రాస్తోంది. నా చెయ్యి ఇప్పుడు అక్షరాల్ని లైనులో ఉంచడం లేదు. నాన్నకి చూపించనని మాటిచ్చింది, నాన్న మందులు తేవడానికి వెళ్ళాడు.

అత్తా, వలలవాళ్ళకి వద్దని చెప్పు. చేప దొరికింది.

ఇక్కడ కింద, స్కానింగ్ కోసం కూచోబెట్టే హాల్లో పెద్ద గాజుతొట్టి ఉంది. ఇదివరకు అందులో ఎర్రవి మాత్రమే ఉండేవి. మొన్న నన్ను చక్రాల కుర్చీలో దాని పక్కన ఆపారు. రాయి వెనక నుంచి తల బయటికి పెట్టి ఎవరో చూశారు. నా చేపే. పాచిరంగు, గీత, తేనెరంగు తోక, మొటిమ, అన్నీ. నేను అరిచాను, నాన్న ఫారాలు నింపుతున్నాడు, వినలేదు.

కళ్ళలో నీళ్ళొచ్చాయి. తుడుచుకోవడానికి కళ్ళజోడు తీశాను. చేప నీలంగా ఉంది అత్తా. తోక పసుపుపచ్చగా ఉంది. కళ్ళజోడు పెట్టుకున్నాను, పచ్చ. తీశాను, నీలం. వెలుతురికి తల పగిలిపోతున్నా మళ్ళీ మళ్ళీ తీసి చూశాను. పక్కన కూచున్న ఆవిడ, ఆ నీలం చేప అన్ని తొట్టెల్లోనూ ఉంటుందమ్మా, మా అబ్బాయి కూడా పెంచాడు అంది.

మాస్కులో అద్దాలు కూడా ఇవే, నాన్న ఇదే రంగు వేశాడు, ఎండ పడకూడదని. అప్పటికి ఈ రంగులోంచి చూడడం ఎంత అలవాటైపోయిందంటే, పెట్టుకున్నానన్న సంగతే గుర్తులేదు. బొమ్మ మాత్రం రాత్రి కళ్ళజోడు తీసి, కాగితం ముక్కుకి ఆనించుకుని, గుర్తున్న రంగులో వేశాను. నాన్నకీ గుర్తు రాలేదు, నాకూ రాలేదు. నీకు మేం చెప్పలేదు.

ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. కొంచెంసేపే. ఒకందుకు మంచిదే. దాన్ని పట్టుకుని జాడీలో పెడితేనే పేరు పెడతారని రాశావు కదా, అప్పట్నుంచీ నాకు మనసులో ఒకలా ఉంది. అది నన్ను చూసి పారిపోలేదు. ఇప్పుడు దాన్ని ఎవరూ పట్టుకోనక్కర్లేదు.

అసలు సంగతి ఇది. నాన్నకి చెప్పకు. ఈ రంగు కుదరడానికి నాన్న షాపులో అద్దాలు రంగునీళ్ళలో ముంచి తీసి, ముంచి తీసి, ముదురైందని పారేసి, లేతగా ఉందని పారేసి, చివరికి ఇవి తెచ్చాడు. ఇవి పెట్టుకుంటే నొప్పి లేదు నాన్నా అన్న రోజు వీధిలో అందరికీ టీ ఇప్పించాడు. ఆ అద్దాల వల్లే చేప అలా కనిపించిందని తెలిస్తే నాన్న తట్టుకోలేడు. పవర్ మార్చినందుకే ఇంకా తనని తనే తిట్టుకుంటాడు, నేను నిద్రపోయాననుకుని.

నాన్న ఈమధ్య నవ్వేది చేప గురించి చెప్పేటప్పుడే. డాక్టరుకి కూడా చెప్పాడు. అందుకని నా పేరు పెట్టేశారని నాన్నకి రాసెయ్యి. నీకు అబద్ధం రాదని తెలుసు. ఒక్కసారి రాయి. నేను వెళ్ళిపోయినా నాన్న ఇంకా చాలా ఏళ్ళు ఉండాలి కదా.

నాకు తెలియదని నాన్న అనుకుంటున్నాడు. అనుకోనీ.

నర్సక్క ఏడుస్తోంది, రాయలేకపోతోంది. ఆపుతున్నాను.

పిచిక


మ్యూజియం

తమ్ముడికి,

పేరు ఖాయమైంది. వలలవాళ్ళు చేపని పంపారు. పెద్దాయనా నేనూ కూచుని అన్నీ చూశాం, కొత్తదే. పిచిక అసలు పేరుకి లాటిన్ తోక తగిలించి పెట్టాం. ఇక దాన్ని ఎవరూ మార్చలేరు. నేను వెనక రాసిన మాటలు పట్టించుకోకు.

ఇది దానికి చదివి వినిపించు. మా ఆఫీసు కాగితం మీద ముద్రతో సహా పంపుతున్నాను.

అక్క


ఇల్లు
సాయంత్రం

అక్కా,

నేను వచ్చెయ్యమంటే గంటల మీద వచ్చావు. దాని చెయ్యి నీ చేతిలో ఉండగా పోయింది, అది చాలు. నువ్వు వెళ్ళాక ఇల్లు సర్దబుద్ధి కాలేదు. షాపు తెరిచాను. మనుషులు వస్తున్నారు, ఈ వరస చదవండి, ఆ వరస చదవండి అంటున్నాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపిస్తోంది.

వచ్చినవాళ్ళందరికీ చేప సంగతి చెప్పాను. నీ ఉత్తరం ఫ్రేము కట్టించి కౌంటర్ వెనక గోడకి పెట్టాను. ఆ రోజు దానికి చదివి వినిపిస్తే కళ్ళు మూసుకునే నవ్వి, ఇంకోసారి చదువు నాన్నా అంది. మళ్ళీ చదివాను. అత్త అక్షరాలు వంకరగా ఉన్నాయి, చూడు, అంది. సంతోషంతో రాసి ఉంటుందిలే అన్నాను.

నిన్న దాని కళ్ళజోడు డబ్బాలోంచి తీసి తుడిచాను. తుడిచాక అలవాటు కొద్దీ ముక్కు మీద పెట్టుకున్నాను, వంకరపోయిందేమో చూద్దామని. దాని పవర్ నాకెక్కడ సరిపోతుంది, అంతా మసక. ఫ్రేములు పెట్టే నీలంగుడ్డ పరిచిన ట్రే ఉంది కదా, అది పాచిరంగులో కనిపించింది.

తర్వాత షాపు అలాగే వదిలేసి వీధి చివర చేపల తొట్టెలు అమ్మే షాపుకి వెళ్ళాను. నీలం చేప ఉందా అంటే చూపించాడు. కళ్ళజోడు పెట్టుకున్నాను. అదే అక్కా. మసగ్గా ఉంది గానీ అదే. మూడు పెన్సిళ్ళు కలిపితే వచ్చిన రంగు. షాపువాడు నన్ను వింతగా చూశాడు, నేను తొట్టి అద్దానికి నుదురు ఆనించి ఏడుస్తున్నాను మరి.

పొద్దస్తమానం అద్దాలతో బతికేవాణ్ణి. రంగు వేస్తే రంగులు మారతాయని వచ్చినవాళ్ళందరికీ నేనే చెబుతాను. నా కూతురి దగ్గర మర్చిపోయాను. జబ్బు సంగతి దాచాలని రంగు సంగతి నీకు రాయలేదు, రాసి ఉంటే నువ్వు మొదటి ఉత్తరంలోనే కనిపెట్టేదానివి. పేరు అబద్ధమని ఇప్పుడు తెలిసింది. దానికి నిన్ను ఏమీ అనను, అడిగింది నేనే.

ఒక్కటే అడుగుతాను. దానికి తెలుసా? నేను చేసిన అద్దాల వల్ల తను లేని చేపని చూసిన సంగతి తెలిసి పోయిందా, తెలియకుండా పోయిందా? ఇది తెలియకుండా నాకు ముద్ద దిగడం లేదు. నిజం రాయి.

తమ్ముడు


మ్యూజియం నేలమాళిగ

తమ్ముడూ,

తెలుసు. నీకంటే ముందు, నాకంటే ముందు తెలుసు.

ఆసుపత్రి హాల్లో తొట్టి ఉంది చూడు, అక్కడ చూసింది. కళ్ళజోడు తీసి, పెట్టుకుని, తలనొప్పిని లెక్కచెయ్యకుండా తనే తేల్చుకుంది. నువ్వు ఆ పక్కనే ఫారాలు నింపుతున్నావట. నర్సు చేత నాకు రాయించింది. ఏడ్చాను, కొంచెంసేపే అని కూడా రాయించింది. నీకు దాచి చెప్పడం నాకు ఇష్టం లేదు కాబట్టి అది కూడా చెబుతున్నాను. కానీ అది ఏడ్చింది చేప కోసం. నీ అద్దాల మీద దానికి ఒక్క మాట లేదు. ఇవి పెట్టుకుంటే నొప్పి లేదని చెప్పినరోజు నువ్వు వీధంతటికీ టీ ఇప్పించావని రాయించింది.

నువ్వు ఎంత బతిమాలినా నేను రాయనన్న అబద్ధం అది ఒక్క మాట అడిగితే రాశాను. నీ కోసం అడిగిందిరా. నాన్న నవ్వేది చేప గురించి చెప్పేటప్పుడే, అందుకని పేరు పెట్టేశారని నాన్నకి రాయి అంది. నేను వెళ్ళిపోయినా నాన్న ఇంకా చాలా ఏళ్ళు ఉండాలి కదా అంది. ఆ మాట నేను మార్చలేదు, దాని నోట్లో వచ్చినట్టే రాశాను. దానికి చెప్పమని నువ్వు అడిగావు, నీకు చెప్పమని అది అడిగింది, నేనొక్క ఉత్తరం రాశాను. అది చదివేటప్పుడు మంచం మీద ఒకరు, కుర్చీలో ఒకరు, ఇద్దరూ ఎదుటివాళ్ళ కోసమే నవ్వారు. ఇంకోసారి చదువు నాన్నా అంది నిన్ను ఇంకోసారి నవ్వించడానికి. నా అక్షరాలు ఎందుకు వంకరగా ఉన్నాయో దానికి తెలుసు.

తేనెరంగు అద్దాల మాట నీ ఉత్తరంలో ఉంది. నేను చదివాను. ఏడుస్తూ చదివాను కాబట్టి ఆ వాక్యం దాటిపోయింది. కాబట్టి తప్పంతా నీ నెత్తిన వేసుకోకు, అందులో నాకూ వాటా ఉంది.

ఆ ఫ్రేము గోడ మీద ఉంచుతావో తీసేస్తావో నీ ఇష్టం. పెద్దాయనకి జరిగిందంతా చెప్పాను, ఆ ఉత్తరంలో ఆయన మాటా వాడుకున్నాను కదా. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మంచిపని చేశావమ్మా అని ఇంటికి వెళ్ళిపోయారు.

సంచి మళ్ళీ సర్దాను. ఆదివారం పొద్దున్న దిగుతాను. దాని కళ్ళజోడు కౌంటర్ మీదే ఉంచు, లోపల పెట్టెయ్యకు. నన్ను ఆ తొట్టెల షాపుకి తీసుకెళ్ళు. షాపువాడు ఏమనుకుంటే అనుకోనీ. నీలం చేపని నా జీవితంలో చాలాసార్లు చూశాను. అది చూసిన చేపని నువ్వు చూశావు, నేనింకా చూడలేదు.

అక్క